మోటారు బాగానే ఉంది, బోర్డే పోయింది

మీ ప్రశ్నలో రెండు బాధలు ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం కొన్న వాషింగ్ మెషీన్‌లో టచ్ ప్యానెల్ పని చేయడం మానేసింది. మెషీన్‌ని నడిపే కంట్రోల్ బోర్డు మొత్తం మార్చాలని సర్వీస్ అతను అన్నాడు, ఆ ధర కొత్త మెషీన్ ధరలో దాదాపు సగం. ఇక కొత్త కారులో ఏసీ గాలి కాస్త తగ్గించాలన్నా స్క్రీన్ మీద వెతుక్కోవాల్సి వస్తోంది. పాత వస్తువులు నిజంగానే గట్టివా, లేక పాతదంతా మంచిదనిపించడం మన భ్రమా, ఇకమీద కొనేటప్పుడు ఏం చూడాలి అని అడిగారు.

నేను 24 ఏళ్లుగా కంట్రోల్ బోర్డులు రిపేరు చేస్తున్నాను. మొదట్లో అన్నీ ఇంటి సామాన్ల బోర్డులే వచ్చేవి. కొన్నేళ్లుగా కార్ల డిస్‌ప్లేలు, మాడ్యూళ్లు కూడా నా బల్ల మీదకి వస్తున్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ బాధ భ్రమ కాదు. అయితే ఎలక్ట్రానిక్స్ వచ్చాకే వస్తువులన్నీ నాసిరకం అయిపోయాయన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

పాత వాషింగ్ మెషీన్లలో గడియారంలా టిక్కుటిక్కుమంటూ తిరిగే టైమర్ ఉండేది. అదీ పాడయ్యేది. లోపల కాంటాక్టులు కాలిపోయేవి, ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయేవి. అలాంటివి నేను లెక్కలేనన్ని మార్చాను. కాకపోతే ఆ టైమర్ విడి భాగం. స్క్రూలు విప్పి, వైర్లు ఒక్కొక్కటే కొత్తదానికి మార్చి, మళ్లీ బిగిస్తే యంత్రం తిరిగేది. అలాగే 1990ల నాటి కార్లలో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ చూడండి. వేడి, కుదుపులు, దుమ్ము అన్నీ తట్టుకుని ఇప్పటికీ పనిచేస్తున్నవి నేను చాలా చూశాను. అదీ ఎలక్ట్రానిక్సే. అంటే ఎక్కువ కాలం నిలిచే బోర్డు తయారు చేయడం ఎప్పటినుంచో తెలిసిన విద్యే.

నా బాధల్లా ముడి గురించి. పదిహేను, ఇరవై ఏళ్లు తిరగగల మోటారుని, డ్రమ్ముని, కారు ఇంజిన్‌ని తీసుకెళ్లి ఐదారేళ్లకు మించి ఉండదని తెలిసిన భాగానికి ముడి వేస్తున్నారు. ఆ ముడి విప్పే దారి కూడా మూసేస్తున్నారు. చిన్నది పోతే పెద్దది కూడా పోవాల్సిందే. నా దగ్గరికి వచ్చే పదింటిలో చాలావాటికి మోటారు ఏ లోపం లేకుండా ఉంటుంది. ఆ మోటారుని పాత ఇనుముకి వేయాలంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మనసు ఒప్పదు.

బోర్డులో ముందుగా పోయేది ఏమిటో చెబుతాను, ఎందుకంటే నాలుగేళ్లకే పోవడం వెనక ఉన్న లెక్క చాలామందికి తెలియదు. కరెంటుని సాఫీ చేసే గుండ్రటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. ప్రతి కెపాసిటర్‌కీ తయారీదారు ఒక ఆయుష్షు చెబుతాడు, మామూలు రకానికి 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు. రోజుల్లో చూస్తే 83. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆ ఆయుష్షు రెట్టింపవుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. బోర్డు ఉన్న మూసిన పెట్టెలో, ఆ కెపాసిటర్ పక్కన వేడి 65 డిగ్రీలు ఉందనుకుందాం. నాలుగుసార్లు రెట్టింపు చేస్తే 32,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి అది మూడేళ్ల ఎనిమిది నెలలు. మీ మెషీన్ వయసు నాలుగేళ్లు. అదే చోట 10,000 గంటల కెపాసిటర్ వేస్తే ఇదే లెక్కన పద్దెనిమిదేళ్లు వస్తుంది. రెండింటి మధ్య ధరలో తేడా యంత్రం ధరతో పోలిస్తే లెక్కలోకి కూడా రాదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. మెషీన్ రోజుకి గంటసేపే కదా తిరిగేది, మరి 8,760 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? టచ్ బటన్ వల్ల వచ్చాయి. పాత మెషీన్‌లో నాబ్ తిప్పి ఆఫ్ చేస్తే కరెంటు నిజంగానే తెగిపోయేది. టచ్ ప్యానెల్ మీ వేలు ఎప్పుడు తగులుతుందా అని రాత్రీ పగలూ కాచుకుని ఉండాలి. అందుకోసం బోర్డులో పవర్ సప్లై ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపకపోతే డ్రమ్ము ఏడాదికి 365 గంటలు పనిచేస్తే, బోర్డు 8,760 గంటలు పనిచేస్తుంది. ఇరవై నాలుగు రెట్లు. నిలబడి ఉన్నప్పుడు వేడి తక్కువే, నిజమే. అయినా వయసు మీద పడుతూనే ఉంటుంది, లైనులో వచ్చే ప్రతి స్పైకూ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) దాన్ని తాకుతూనే ఉంటుంది. మీ ఇంట్లో టచ్ ప్యానెల్ ఉన్న మెషీన్, మైక్రోవేవ్, ఇండక్షన్ స్టవ్ ఏదున్నా పని అయిపోయాక గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం లోపలి ఫ్యాన్ ఆగేదాకా ఆగి అప్పుడు ఆపండి. ఈ మొత్తం సమాధానంలో మీకు పైసా ఖర్చు లేకుండా ఉపయోగపడే వాటిలో ముఖ్యమైనది ఇదే.

ఇంకో దొంగ ఉంది. కొన్ని చిన్న బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, పవర్ సప్లై ఐసీ కూడా ఉండదు. డబ్బాలా కనిపించే ఎక్స్2 రకం కెపాసిటర్ ఒకటి మెయిన్స్ లైనుకి వరుసలో ఉండి కరెంటుని తగ్గించి పంపుతుంది. స్పైక్ వచ్చినప్పుడల్లా దాని లోపలి రేకులో సూదిమొనంత చోట కాలి, ఆ చోటు ఆవిరైపోతుంది. షార్ట్ కాకుండా తనని తాను కాపాడుకునే పద్ధతి అది, మంచిదే. కానీ ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది. పైన 1 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యం కొలత) అని రాసి ఉంటుంది, మీటర్ పెట్టి చూస్తే 0.4 చూపిస్తుంది. అప్పుడు ఏమవుతుందంటే, డిస్‌ప్లే మసకబారుతుంది, రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్, టక్కుమని పడి వెంటనే లేచిపోతుంది, టచ్ ఒకసారి పలికి ఇంకోసారి పలకదు. చూసేవాళ్లకి బోర్డు పిచ్చెక్కినట్టే ఉంటుంది. నిజానికి పోయింది బోర్డు మొత్తంలో చవకైన భాగాల్లో ఒకటి. ఇలాంటి బోర్డులు ఎన్ని చెత్తలోకి వెళ్లాయో తలచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

సర్వీస్ అతన్ని తప్పుపట్టకండి. అతని చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండదు, బోర్డు సర్క్యూట్ డయాగ్రాం ఉండదు. పైవాళ్లు అతనికి ఇచ్చిన పని బోర్డు తీసి బోర్డు పెట్టడం. పైగా చాలా వాషింగ్ మెషీన్ బోర్డుల మీద తేమ తగలకుండా రెసిన్ పోసేస్తారు. తేమ నుంచి కాపాడాలి, అందులో అబద్ధం లేదు. దానికి పలచటి పూత చాలు, గీకి తీసి కింద ఉన్న భాగాన్ని మార్చుకోవచ్చు. గట్టి రెసిన్ ముద్ద పోస్తే మాత్రం ఆ కింద ఉన్న చవక కెపాసిటర్‌ని అందుకోవడానికి నాకు సగం రోజు పడుతుంది, అంత కూలి ఏ కస్టమర్ ఇస్తాడు?

ఇప్పుడు టచ్ సంగతి. అద్దం కింద ఉన్న రేకులో కొద్దిపాటి విద్యుత్ చార్జ్ ఉంటుంది. వేలు దగ్గరికి వచ్చినప్పుడు ఆ చార్జ్‌లో వచ్చే మార్పుని చిప్ కనిపెడుతుంది. నీటి చుక్క పడినా అలాంటి మార్పే వస్తుంది. మరి బట్టలు ఉతికే చోట, వంట చేసే చోట చేతులు తడిగా ఉండటమే కదా మామూలు! గిన్నెలో నీళ్లు పొంగి ఇండక్షన్ స్టవ్ బటన్ల మీద పడ్డాయనుకోండి. వేడి తగ్గించాలని మీరు వేలు పెడతారు, అది పలకదు, లేదా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అసలు కెపాసిటివ్ టచ్ స్క్రీన్‌ని 1965లో వివరించిన ఇ.ఎ. జాన్సన్ ఇంగ్లండ్‌లోని రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసేవాడు. విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం దాన్ని ఆలోచించారు. ఆ మనిషి కుర్చీలో కూర్చుని, పొడి చేతులతో, పొద్దస్తమానం ఆ తెర వైపే చూస్తుంటాడు. ఆ పనికి అది సరిపోయింది. తెర వైపు చూడటమే పనైన మనిషికీ, తడి చేత్తో పక్కకి తిరిగి పని చేసుకునే మనిషికీ ఒకే వస్తువు ఎలా కుదురుతుంది?

దీని గురించి నాకు బాగా పట్టింపు రావడానికి ఒక కారణం ఉంది. చూపు లేని ఒక అమ్మ ఉండేవారు. ఆవిడ మెషీన్‌కి పదేళ్లకు పైగా నేనే రిపేరు చేశాను. నాబ్ ఎన్ని టిక్కులు తిరిగితే ఏ వాష్ వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఎడమ బటన్ నొక్కితే నీళ్లు, కుడి బటన్ నొక్కితే మొదలు. ఇంట్లో ఎవరి సాయం అడిగేవారు కాదు. ఆ మెషీన్ డ్రమ్ము తుప్పు పట్టి పోయాక పిల్లలు ప్రేమగా మంచి ఖరీదైన మెషీన్ కొన్నారు. ముందు భాగం మొత్తం నున్నటి నల్లటి అద్దం. ఆవిడ దాని మీద చెయ్యి వేసి తడుముతుంటే తడిమిన ప్రతి చోటా ఏదో ఒకటి బీప్‌మని మారిపోతోంది. ఉబ్బెత్తు చుక్కల స్టికర్లు అంటించమని నన్ను పిలిచారు. బటన్ మీద అంటిస్తే వెతుకుతున్న వేలు తగలగానే అదే నొక్కుకుపోతుంది. చివరికి బటన్లకి కాస్త దూరంగా, అద్దం అంచున చుక్కలు అంటించి, ‘ఈ చుక్క నుంచి రెండు వేళ్ల ఎత్తు’ అని కొలత నేర్పించాను. స్టార్ట్, ఆఫ్ వరకు కుదిరింది. వాష్ రకం మార్చాలంటే మాత్రం ఇంట్లో ఇంకొకరు రావాల్సిందే. పదేళ్లు తన పని తాను చేసుకున్న మనిషిని అద్దం ముక్క ఇంకొకరి మీద ఆధారపడేలా చేసింది. అప్పటినుంచి టచ్ ప్యానెల్‌ని ‘అందం’ అని ఎవరైనా అంటే నాకు ఆవిడ చెయ్యే గుర్తొస్తుంది.

కారు దగ్గరికి వస్తే అందరి పరిస్థితీ ఆవిడలాగే అవుతుంది, ఎందుకంటే డ్రైవింగ్‌లో కళ్లు రోడ్డుకి అప్పగించాం. చేతికి దొరికే నాబ్‌ని చూడకుండా తిప్పచ్చు. తెర మీద బొమ్మని చూడకుండా నొక్కలేం. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 55 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. స్వీడన్‌లోని వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష చేసింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోతూ కొన్ని మామూలు పనులు చేయమన్నారు. సీటు హీటర్ వేయడం, లోపలి వేడి రెండు డిగ్రీలు పెంచడం, రేడియో స్టేషన్ పెట్టడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం, మీటర్ల లైటు తగ్గించడం లాంటివి. డ్రైవర్లకి ముందే ఆ కార్లు అలవాటు చేసుకునే సమయం ఇచ్చారు. అన్నీ బటన్లే ఉన్న 2005 నాటి వోల్వో వీ70 కారులో పనులన్నీ 10 సెకన్లలో, 306 మీటర్లలో అయిపోయాయి. అన్నిటికంటే వెనకబడిన కొత్త కారు ఎంజీ మార్వెల్ ఆర్‌లో అవే పనులకి 44.9 సెకన్లు పట్టింది, ఈలోగా కారు 1,372 మీటర్లు పోయింది. పదిహేడేళ్ల పాత కారు అంత తేడాతో గెలిచిందంటే ఇది పాతదాని మీద మమకారం కాదని అర్థమవుతుంది కదా.

నిజానికి కార్లో టచ్ స్క్రీన్ కొత్తదేం కాదు. 1986 బ్యూక్ రివియేరాలోనే పాత టీవీలాంటి పిక్చర్ ట్యూబుతో టచ్ స్క్రీన్ ఇచ్చారు. కొనుక్కున్నవాళ్లకి నచ్చలేదు, నాలుగేళ్లకి తీసేశారు. ఈసారి మాత్రం అంత త్వరగా పోదు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి, కెమెరాకి తెర కావాలి. తెర ఎలాగూ పెట్టాక ఒక్కో బటన్‌కి అచ్చు, వైరు, బల్బు, పరీక్ష ఎందుకని అన్నీ దాంట్లోకే తోసేస్తే తయారీ ఖర్చు తగ్గుతుంది. కారు డిజైన్ అయిపోయాక కూడా సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేసుకోవచ్చు. తయారీదారుకి ఇంతకన్నా వీలైన పద్ధతి ఇంకోటి లేదు. ఆ ఆదా మన దాకా రాలేదన్నదే నా ఫిర్యాదు.

ఇక తెర ఆయుష్షు. ఎండలో మూసి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పైన కెపాసిటర్ల లెక్క చూశారు కాబట్టి అది ఎంత చెడ్డదో వేరే చెప్పక్కర్లేదు. కానీ కార్ల తెరలకి వేడి ఒక్కటే శత్రువు కాదు, మెమరీలో పదే పదే రాయడం కూడా శత్రువే. ఫోన్‌లో ఉన్నట్టే వీటిలోనూ ఫ్లాష్ మెమరీ ఉంటుంది. దాని మీద ఇన్నిసార్లే రాయగలం, చెరపగలం అని పరిమితి ఉంటుంది. 2012 నుంచి 2018 మధ్య తయారైన కొన్ని టెస్లా మోడల్ ఎస్, ఆ తర్వాతి మోడల్ ఎక్స్ కార్లలో 8 జీబీ ఫ్లాష్ చిప్ పెట్టారు. కారు అదే పనిగా లాగ్‌లు, అంటే తన పనితీరు వివరాలు, రాస్తూ పోయింది. ఒక్కో భాగం దాదాపు 3,000 సార్లు చెరిపి రాస్తే ఆ చిప్ అరిగిపోతుంది, అలా అరగడానికి ఐదారేళ్లు సరిపోతుందని తేలింది. చిప్ పోతే తెర నల్లబడుతుంది. తెరతోపాటు వెనక కెమెరా, అద్దం మీద మంచు తీసే కంట్రోల్, ఇండికేటర్ చప్పుడు కూడా పోతాయి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2021 జనవరిలో రీకాల్ అడిగింది, మరుసటి నెలలో దాదాపు 1,35,000 కార్లు వెనక్కి పిలిచారు. మోటారుకి ఏమీ కాలేదు, బ్యాటరీకి ఏమీ కాలేదు. గోరంత చిప్ కోసం కారు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. నేను ముడి అన్నది ఇదే.

ఒకప్పుడు కార్ల పరిశ్రమకి ఈ ముడి పడకుండా చూసుకోవడం తెలుసు. రేడియో పెట్టే గూడు కొలత దాదాపు ప్రపంచమంతటా ఒకటే, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి యూఎస్‌బీ వచ్చింది, కారు అలాగే ఉంది. పాతది లాగి కొత్తది తోస్తే సరిపోయేది. ఇప్పటి తెర ఆ మోడల్ డ్యాష్‌బోర్డు వంపుకే సరిపోయేలా ఉంటుంది, ఏసీ, కెమెరా, కారు సెట్టింగులు అన్నీ దానిలోనే ఉంటాయి. దెబ్బతిన్న ఇంకో కారు నుంచి అదే తెర తెచ్చి బిగించినా, చాలా మోడళ్లలో కంపెనీ సర్వర్ ఒప్పుకుంటే తప్ప పనిచేయదు. బయటి నెట్‌వర్క్ మీద ఆధారపడేవి ఇంకా అన్యాయం. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు మూసేసినప్పుడు ఏ లోపం లేని కార్లలో కూడా ఎమర్జెన్సీ కాల్ లాంటి సౌకర్యాలు ఆగిపోయాయి.

ఓడల్లో కూడా ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. 2017 ఆగస్టు 21న అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ సింగపూర్ దగ్గర ఒక ట్యాంకర్‌ని ఢీకొని పది మంది నావికులు చనిపోయారు. శిక్షణ లోపం, పర్యవేక్షణ లోపం అసలు కారణాలని విచారణలో తేలింది. దాంతోపాటు టచ్ స్క్రీన్ మీద ఉన్న స్టీరింగ్, ఇంజిన్ కంట్రోళ్ల డిజైన్ కూడా పొరపాటుకి దారి ఇచ్చిందని చెప్పారు. రెండేళ్ల తర్వాత అమెరికా నౌకాదళం చేత్తో పట్టుకునే లివర్లు మళ్లీ పెడతామని ప్రకటించింది.

కార్లలోనూ గాలి మారుతోంది, సంతోషం. కార్ల భద్రతని పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి అమలు చేసే నిబంధనల్లో ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఎస్ఓఎస్ (అత్యవసర కాల్) ఈ ఐదింటికి విడిగా బటనో లివరో ఉంటేనే పూర్తి మార్కులు ఇస్తామంటోంది. ఫోక్స్‌వాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మింట్ 2025లో వాల్యూమ్, వేడి, ఫ్యాన్, హజార్డ్ లైట్లకి ఇకమీద ప్రతి కారులో అసలు బటన్లు ఉంటాయని చెప్పారు. ఇంటి సామాన్ల విషయంలో యూరోపియన్ యూనియన్ 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ ముఖ్యమైన విడిభాగాలు పదేళ్లు దొరకాలని నియమం పెట్టింది. దొరకాలన్నారు గానీ ధర ఎంత ఉండాలో అందులో చెప్పలేదు. మీకు చెప్పిన ధర చూశాక ఆ లోటు ఎంత పెద్దదో మీకే తెలుస్తుంది.

ఇకమీద కొనేటప్పుడు చూడాల్సినవి. షోరూంలో తెర ఎంత పెద్దదో చూడకండి, అది పోతే ఏమేం ఆగిపోతాయో అడగండి. మెషీన్ అయితే డిస్‌ప్లే బోర్డు, మెయిన్ పవర్ బోర్డు వేరువేరుగా ఉన్నాయా, ఒక్కటి విడిగా అమ్ముతారా అడగండి. ఒకే పెద్ద బోర్డు అంటే నేనైతే వెనక్కి తగ్గుతాను. ఐదేళ్ల పాత మోడల్ పేరు చెప్పి దానికి బోర్డు ఎంతకి ఇస్తారో అక్కడే కనుక్కోండి, కంపెనీ తీరు ఆ ఒక్క జవాబుతో బయటపడుతుంది. మోటారుకి పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బోర్డుకి ఎంతో చిన్న అక్షరాల్లో వెతకండి. నాబ్‌తో, నొక్కే బటన్లతో ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి, అందం తక్కువైనా సరే. వైఫై లేకపోతే పని చేయని సౌకర్యం కోసం మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

కారైతే టెస్ట్ డ్రైవ్‌కి ముందు ఆపి ఉన్న కారులో కూర్చుని, ఎదురుగా రోడ్డే చూస్తూ నాలుగు పనులు చేసి చూడండి. ముందు అద్దం మీద మసక తీయడం, ఫ్యాన్ తగ్గించడం, వాల్యూమ్ తగ్గించడం, హజార్డ్ లైట్లు వేయడం. చూడకుండా చేయలేకపోతే ఆ కారు ఎంత నచ్చినా ఇంకోటి చూడండి. మీరు ఇప్పటికే కొన్నారు కాబట్టి మాన్యువల్‌లో వెతకండి, చాలా కార్లలో స్టీరింగ్ మీది బటన్‌కి మీకు కావలసిన పని ఇచ్చుకోవచ్చు. వాయిస్‌తో ఏసీ మార్చే సౌకర్యం ఉంటే అదీ అలవాటు చేసుకోండి. ఎండలో ఆపితే తెర మీద నీడ పడేలా సన్‌షేడ్ పెట్టండి, వేడి తగ్గిన ప్రతి పది డిగ్రీలూ దాని ఆయుష్షే.

ఇప్పుడు మీ మెషీన్. కొత్త బోర్డుకి డబ్బు కట్టే ముందు రెండు మూడు రోజులు ఆగండి. ప్లగ్ తీసేసి ఒక రోజంతా అలా వదిలేయండి, ప్యానెల్ దగ్గర ఫ్యాన్ గాలి తగలనివ్వండి. అద్దం వెనక తేమ చేరితే టచ్ పలకదు, కొన్నిసార్లు తనంతట తానే నొక్కుకుంటుంది కూడా. ఆరాక బాగైతే బోర్డుకి ఏమీ కాలేదు, తేమ వచ్చే దారి మూస్తే చాలు. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్ ఎర్త్ చూపించండి. ఎర్త్ సరిగా లేని చోట టచ్ ప్యానెళ్లు పిచ్చిగా ప్రవర్తించడం నేను చాలాసార్లు చూశాను, సాకెట్ బాగు చేయగానే సరైపోయాయి. చైల్డ్ లాక్ పడి ఉందేమో కూడా చూడండి, దానికే బోర్డు మార్చమన్న సందర్భాలు ఉన్నాయి.

అప్పటికీ పలకకపోతే కంపెనీ సర్వీస్ కాకుండా బోర్డు స్థాయిలో రిపేరు చేసే మనిషిని వెతకండి. మెయిన్ బోర్డుకీ ప్యానెల్‌కీ మధ్య ఉన్న రిబ్బన్ కనెక్టర్ తీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టమనండి. ప్యానెల్‌కి వెళ్లే 5 వోల్టుల సప్లై కొలవమనండి, అది తక్కువగా ఊగుతుంటే నేను పైన చెప్పిన కెపాసిటర్లే దోషులు. మీరు మాత్రం మూత విప్పి చేతులు పెట్టకండి. ఇలాంటి బోర్డుల్లో చాలావాటికి మెయిన్స్ నుంచి ఐసోలేషన్, అంటే మెయిన్స్ కరెంటుని విడదీసే అడ్డు, ఉండదు, 5 వోల్టుల వైరు పట్టుకున్నా మెయిన్స్ షాక్ కొట్టే అవకాశం ఉంది. ఇన్వర్టర్ మోటారు ఉన్న మెషీన్ అయితే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలవ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు. మైక్రోవేవ్‌ని అయితే అసలు తెరవకండి, దాని కెపాసిటర్ ప్రాణాలు తీస్తుంది.

ఒకవేళ కొత్త బోర్డే వేయించాల్సి వచ్చిందనుకోండి, పాత బోర్డుని సర్వీస్ అతనితో పంపేయకుండా అడిగి తీసుకోండి. అది మీ డబ్బుతో కొన్నదే. తొందర లేదు కాబట్టి మెల్లగా రిపేరు చేయించి, మెషీన్ మోడల్ నంబరు రాసి ఒక పొడి డబ్బాలో దాచుకోండి. ఇంకో నాలుగేళ్లకి ఈ కొత్తది కూడా పోతే ఆ మోడల్ బోర్డు బజారులో దొరకకపోవచ్చు, మీ దగ్గర మాత్రం ఒకటి ఉంటుంది.